మొకం చూస్తే గరిటె వంగుతది

మొన్న బుధవారం పొద్దున్నే ఆయమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఆటో నడిపే మనిషి, మాట మొదలుపెడితే మణుగూరు వచ్చేదాకా ఆపడు. ఆ రోజు మాత్రం “పంతులమ్మా, అమ్మ పోయింది” అని ఆగిపోయాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు. పొద్దున లేచి, చీపురు పట్టుకుని, సగం వాకిలి ఊడ్చి, “జరసేపు కూసుంట” అని గోడకు ఆనుకుని కూర్చుందట. కోడలు చాయ్ తెచ్చేసరికి ప్రాణం లేదు. నేను వెళ్లి చూస్తే వాకిలి సగం శుభ్రంగా ఉంది, సగం ఇప్పాకులతో నిండి ఉంది. ఆ మిగతా సగం ఊడ్చే ధైర్యం ఎవరికీ రాలేదు.

ఆయమ్మ అంటే మా ఊరి అంగన్వాడీ సెంటర్‌లో ఆయా. పినపాక దాటాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఇవతల మా ఇళ్లు, అవతల ఆమె గూడెం, మధ్యలో సెంటర్. నలభై ఏళ్లు అక్కడ వండింది, వడ్డించింది, ఊరి పిల్లల ముక్కులన్నీ తుడిచింది. చదువు సంతకం వరకే. నేను మాత్రం బాగా చదువుకున్నదాన్ని. కాబోయే టీచర్లకు ‘పిల్లల మనస్తత్వం’ అనే సబ్జెక్టు బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పి రిటైరయ్యాను. ఈ రెండు సంగతులూ ముందే చెప్పుకోవడం ఎందుకంటే, ఆ సబ్జెక్టు నాకు అర్థమైంది రిటైరయ్యాక, ఆమె దగ్గర.

ముద్దొచ్చే పిల్ల కనబడితే పెద్దవాళ్లకు ఏమవుతుందో మీరెప్పుడైనా గమనించారా? నేను గమనించలేదు. నాకూ అదే అవుతుండేది కాబట్టి. ఆయమ్మ సెంటర్ మెట్ల మీద కూర్చుని నాకు చూపించింది. “పిల్లను చూడకు పంతులమ్మా, చూసేటోళ్లను చూడు. తమాషా అక్కడుంటది” అనేది.

ఒకసారి తునికాకు కాంట్రాక్టరు అటు వచ్చాడు. ఆయన గొంతు వింటే కూలీలు తలలు భుజాల్లోకి లాక్కునేవాళ్లు. అప్పుడు నా చంకలో మనవరాలు ఉంది, పది నెలల పిల్ల. ఆయన దాన్ని చూశాడు. మూతి సున్నాలా చుట్టుకుంది, గొంతు సన్నబడింది. “ఓలె ఓలె ఓలె! ఎవలే నువ్వు? నా బంగారివా? నా బెల్లమ్ముక్కవా?” ఎవరు మాట్లాడుతున్నారా అని నేను వెనక్కి చూశాను. ఆయన పళ్లు కొరుకుతూ పిడికిలి బిగించి, “కొరుక్కు తినాలనిపిస్తాంది పంతులమ్మా!” అన్నాడు.

“అయ్యో, పొద్దున్నుంచి ఏం తినలేదా సారూ?” అంది ఆయమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

నా పుస్తకంలో దీనికి కారణం రాసి ఉండేది. పెద్ద నుదురు, పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు, పొట్టి చేతులు. ఇవి కనబడగానే పెద్దవాళ్ల మనసు మెత్తబడుతుందనీ, అన్ని ప్రాణుల పిల్లల్లోకీ చేతగానిదైన మనిషి పిల్ల ఆ మెత్తదనం మీదే బతికి బట్టకడుతుందనీ. ఐదు మార్కుల ప్రశ్న. మెత్తబడని మనసు గురించి ప్రశ్న ఉండేది కాదు.

సెంటర్‌లో అన్నం పెట్టే వేళకు మొదటిసారి వెళ్లిన రోజు నాకు ఒళ్లు మండింది. పిల్లలందరినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. ముందు పళ్లేలు, ఎదురుగా గోడ మీద గీసిన చిలకలూ మామిడిపళ్లూ, వెనక గరిటె పట్టుకుని ఈమె. భుజాల మీదుగా వంగి వడ్డించుకుంటూ పోతోంది.

“ఏందిది ఆయమ్మా? పసిపిల్లలకు శిక్షా?”

“శిక్ష వాళ్లకు గాదు పంతులమ్మా, నాకు.”

“నీకెందుకు?”

“మొకం చూస్తే గరిటె వంగుతది.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. “నవ్వేటోళ్లకు ఒక ముద్ద ఎక్కువ పడతది. నాకు తెల్వకుండనే పడతది. అటు తిరిగి కూసుంటే అందరికీ ఒక్క తీరు మెడ, రెండు చెవులు. ఇగ ఏం జూసి వంగాలె గరిటె?”

అందరికీ పెట్టాక “ఇగ తిరుగుండ్రి” అనేది. ఇరవై మొకాలు ఒక్కసారి ఆమె వైపు తిరిగేవి. అప్పుడు గరిటె పక్కన పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, ఒక్కొక్కరినే చూసుకునేది. అంతసేపూ తనకు తాను దాచిపెట్టుకున్నదేదో ఒక్కసారి విప్పి చూసుకున్నట్టు. ఆ చూపు నేను ఏ బడిలోనూ చూడలేదు.

పైనుంచి తనిఖీకి వచ్చిన మేడం ఒకామె ఈ గోడ పద్ధతి చూసి మండిపడింది. తిడుతూ తిడుతూనే ఉంగరాల జుట్టు పిల్లనొకదాన్ని ఎత్తుకుని, సంచిలోంచి చాక్లెట్ తీసి దాని చేతిలో పెట్టింది. ఆయమ్మ తల వంచుకుని, “మేడం, ఇంకా పందొమ్మిది మంది ఉన్నరు” అంది. మేడం సంచిలో చెయ్యి పెట్టి కాసేపు వెతుక్కుంది. తర్వాత గోడ గురించి మాట్లాడలేదు.

ఇదంతా నేను చూశాను, మెచ్చుకున్నాను, ఇంటికొచ్చి మర్చిపోయాను. చదువుకున్నవాళ్లకు ఆ సౌకర్యం ఉంటుంది.

నా కూతురు ఏన్కూరు దగ్గర పంచాయతీ సెక్రెటరీ, అల్లుడికి వైరాలో ఉద్యోగం. కవల ఆడపిల్లలు పుట్టారు. ఆరు నెలల సెలవు అయిపోగానే ఇద్దరినీ నా దగ్గర వదిలి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి బస్సుకు వెళ్లేవాళ్లు. పెద్దది సొట్టబుగ్గల పిల్ల, కనబడిన ప్రతివాళ్లకూ నవ్వు పంచేది. కాంట్రాక్టరు కొరుక్కు తింటానన్నది దాన్నే. చిన్నది తక్కువ బరువుతో పుట్టింది. నుదుటి మీద మూడు గీతలు, కోర్టు వాయిదాకు వచ్చిన ముసలాయనలా చూసేది. కాంట్రాక్టరు వచ్చిన రోజు అది ఇంట్లో పనిమనిషి దగ్గర ఉయ్యాల్లో ఉంది. ఎప్పుడూ అక్కడే ఉండేది.

జావ ఇద్దరికీ సమానంగానే కాచేదాన్ని. దాంట్లో తేడా చేసేంత పాపిష్టిదాన్ని కాదు. తేడా చెంచా దగ్గర వచ్చింది. పెద్దది మూతి తిప్పితే కాకిని చూపించి, కుక్కను పిలిచి, పాట పాడి, ఇంకో పది చెంచాలు పెట్టేదాన్ని. చెంచాకొక నవ్వు ఇచ్చేది మరి. చిన్నది మూతి తిప్పితే ‘దీనికి చాలు’ అనుకునేదాన్ని. మిగిలింది పెద్దదానికి. అంతే. ఇంతకంటే పెద్ద నేరం ఏదీ చెయ్యలేదు. దీన్నే రోజుకు నాలుగుసార్లు, ఐదు నెలలు చేశాను.

వానాకాలంలో ఒకరోజు ఆయమ్మ సెంటర్‌లో పిల్లలకిచ్చే పిండి ప్యాకెట్లు ఇచ్చిపోవడానికి ఇంటికొచ్చింది. పెద్దది నా ఒళ్లో ఉంది.

“రెండోది లేవలేదా?”

“లేచే ఉంది. అది మంచి పిల్ల. ఏడవదు, సతాయించదు. ఇదే రాక్షసి” అని పెద్దదాని బుగ్గ గిల్లాను.

ఆమె ప్యాకెట్లు కింద పెట్టి ఉయ్యాల దగ్గరికి వెళ్లింది. చిన్నది కళ్లు తెరుచుకునే ఉంది. ఆమెను చూసింది గానీ, కాలూ చెయ్యీ కదపలేదు. ఎవరైనా వంగి చూస్తే ఎత్తుకుంటారని దానికి తెలియనే తెలియదు.

“ఏడ్వని పిల్ల మంచి పిల్ల గాదు పంతులమ్మా” అంది ఆయమ్మ. “ఏడ్చి ఏడ్చి మానుకున్న పిల్ల.”

నా ఇంట్లో నాతో అట్లా ఎవరూ మాట్లాడలేదు. “నాకు చెప్తున్నావా? పిల్లల మనస్తత్వం మీద ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని.”

“అవ్, గది నాకు తెల్వది. నాకు వీపు తెల్సు. గా పిల్లను గూడ జర దించు.”

చాప పరిచింది. ఇద్దరి గౌన్లూ విప్పింది. గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, చిన్నది ఒరిగిపోకుండా పక్కన చెయ్యి ఆనించింది. “ఇప్పుడు చూడు” అంది.

రెండు వీపులు. ఒకటి నున్నగా పిండిముద్దలా ఉంది, మెడ కింద రెండు మడతలు. రెండోదాని రెక్కల ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. వెన్నుపూసలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. మెడ ఎంత సన్నగా ఉందంటే తల దాని మీద నిలబడలేక ఊగుతోంది. రోజూ స్నానం చేయించిన చేతులే ఇవి. చేతులు పని చేశాయి, కళ్లు మాత్రం పక్కన నీళ్లు చిమ్ముతూ నవ్వేదాని మీద ఉన్నాయి. ఐదు నెలలు కనబడనిది, మొకాలు అటు తిప్పేసరికి ఒక్క క్షణంలో కనబడింది.

విప్పిన గౌను తీసి చిన్నదాని వీపు మీద కప్పాను.

“సెంటర్‌కు పోదాం పా. కాంటాకు మొకం కనబడదు” అంది.

దూలానికి వేలాడే కాంటాలో చిన్నది ఆరు కిలోలు కూడా తూగలేదు. అప్పటికి దానికి పదకొండు నెలలు. సెంటర్ టీచర్ చార్టు మీద చుక్క పెట్టింది, ఎర్ర రంగులో పడింది. మర్నాడు పట్నంలో డాక్టరు చూసి, దగ్గుకు మందిచ్చి, “ఇంకో నెల గడిస్తే నా దగ్గరికి తెచ్చినా లాభం ఉండేది కాదేమో. ఇప్పుడైనా అంతా తిండి మీదే ఉంది” అన్నాడు. కూతురికి ఫోన్‌లో చెప్పాను. “అమ్మా, నీ దగ్గరే కదా ఉన్నది?” అంది. సెలవు పెట్టి రెండు వారాలు వచ్చి ఉంది, నాతో మాట్లాడింది తక్కువ.

నేను అప్పటికీ నమ్మలేకపోయాను. “రోజూ చూసే పిల్ల. ఎట్ల కనబడలేదు ఆయమ్మా?” అన్నాను.

ఆమె చెప్పింది నేను ఆ రాత్రే నా పాత నోట్సు వెనక రాసి పెట్టుకున్నాను. “తిండి తగ్గితే ముందు బుగ్గలు పోతయ్ పంతులమ్మా. బుగ్గలు పోతే ఎత్తుకునేటోళ్లు పోతరు. ఎత్తుకునేటోళ్లు లేకపోతే తిండి ఇంకింత తగ్గుతది. ముద్దు ఎవలకు ఎక్కువ గావాల్నో వాళ్ల మొకం మీది నుంచే అది ముందుగాల పోతది. దేవుడు ఏం దల్చి చేసిండో గట్ల.”

అన్ని పుస్తకాలు తిరగేసిన నేను, గూడెం ఇంట్లో పుట్టి పెరిగిన ఆ మనిషి ముందు పిల్లల బెంచీ మీద కూర్చున్న రోజు అది.

తర్వాత మొదలైంది అసలు చాకిరీ. ఆయమ్మ పొద్దునా సాయంత్రమూ వచ్చేది. చిన్నదానికే ముందు పెట్టాలి. మూతి తిప్పితే ఆగాలి, ఆగి మళ్లీ పెట్టాలి, మళ్లీ ఆగాలి. ఇంటికి ఎవరొచ్చినా చిన్నదే నా ఒళ్లో ఉండాలి. వారం దాటింది. గిన్నె ఖాళీ అవుతోంది గానీ ఆ మొకంలో మార్పు లేదు. అది నన్ను చూసి నవ్వదు, నాకు దాన్ని చూసి నవ్వు రాదు. ఒకరోజు సిగ్గు విడిచి చెప్పాను. నా జన్మలో నేనన్న మాటల్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు.

“దీన్ని చూస్తే నాకేమీ అనిపిస్తలేదు ఆయమ్మా.”

ఛీ అంటుందనుకున్నాను. “అనిపియ్యకపోతే పాయె” అంది. “నువ్వైతే ఎత్తుకో. ముందు చేతులకొస్తది, తర్వాత కండ్లకొస్తది. నీకు నవ్వు రాకున్నా దానికి బువ్వ అయితే పోతది గద.”

ఇంకో మధ్యాహ్నం, నేను అడగకుండానే, చిన్నదాని మూతి తుడుస్తూ తల ఎత్తకుండా చెప్పింది. “నాకూ ఇద్దరే. ఒకడు బొద్దుగ, అందరి మీదికి ఉరికేది. గూడెమంత వాణ్నే ఎత్తుకునేది, నేను గూడ. ఇంకోడు సన్నగ, గమ్మునుండేది. వాడు మంచోడని చెప్పుకునేదాన్ని, నీ లెక్కనే.” గిన్నె అడుగున మిగిలిన జావను చెంచాతో చుట్టూ గీకి దాని నోట్లో పెట్టింది. “ముద్దుగున్నోడు బతికిండు.”

ఆటో నడిపే కొడుకు అతనే. రెండోవాడు పోయిన ఏడాదికి ఆమె సెంటర్‌లో చేరింది. గోడవైపు తిప్పి కూర్చోబెట్టడం మొదటి రోజు నుంచే ఉందట. మనం తప్పు చేస్తే ఏడుస్తాం, మహా అయితే ఒక దేవుడికి మొక్కుకుంటాం. ఆమె తన తప్పును పనిగా మార్చుకుని, నలభై ఏళ్లు రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి దాన్ని చేసింది.

కాంటాలో ముల్లు కదిలింది. మొదట కొంచెం, మళ్లీ కొంచెం. ఎర్ర రంగు దాటి పసుపులోకి వచ్చింది చుక్క. నవ్వు మాత్రం రాలేదు. “ముందు బరువు, తర్వాత నవ్వు. నవ్వు కోసం చూసుకుంట కూసోకు” అనేది ఆయమ్మ.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున పోపు ఘాటుకు గట్టిగా తుమ్మాను. చాప మీదున్న చిన్నది ఉలిక్కిపడింది. నన్ను చూసింది. నుదుటి మీది మూడు గీతలూ పైకి లేచాయి, పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది, నవ్వింది. శబ్దం కూడా వచ్చింది, మూత తీసినట్టు. నేను మళ్లీ తుమ్మాను. ఈసారి అబద్ధం. మళ్లీ నవ్వింది. నేను వరండాలో నడిస్తే క్లాసులన్నీ చప్పున నోరు మూసుకునేవి. అలాంటిదాన్ని అరగంట సేపు గిన్నెల మధ్య చతికిలబడి, “హాచ్చి! ఏందే బంగారం? హాచ్చి! నా చిట్టి ముసలాయనా!” అంటూ అబద్ధపు తుమ్ములు తుమ్మాను. నా మూతి సున్నాలా చుట్టుకుంది. నా గొంతు నాకే గుర్తు తెలియలేదు. పోపు మాడిపోయింది.

తల తిప్పితే గుమ్మంలో ఆయమ్మ. పిల్లను చూడట్లేదు, నన్ను చూస్తోంది.

“ఏంది చూస్తున్నవ్?”

“తమాషా” అంది. కళ్లు తుడుచుకుంది.

చిన్నది దాని తర్వాత కూడా అందగత్తె ఏమీ కాలేదు, అబద్ధం ఎందుకు. ఏడాదిన్నర వయసులో ఇద్దరినీ సంతకు తీసుకెళ్లాం. నా చంకలో పెద్దది, ఆయమ్మ చంకలో చిన్నది. గాజుల భాయ్ మా ఊళ్లన్నిటికీ పాత మనిషి, వాళ్ల నాన్న నా పెళ్లికి గాజులు తొడిగాడు. పెద్దదాన్ని చూసి మురిసిపోయి ఎర్ర గాజులు రెండు తొడిగి, “నా తరఫున, బేటీకి!” అన్నాడు. ఆయమ్మ చిన్నదాని చెయ్యి చాపింది.

“అరె, ఇంకో పిల్ల ఉందా! కనబడలే అక్కా” అన్నాడు భాయ్, నిజంగానే నొచ్చుకుని.

“కనబడతది భాయ్. జరసేపు చూడు.”

ఆయన పాపం బుద్ధిగా చూశాడు. చూసి చూసి, “దీని రెప్పలు చూడు, ఎంత పొడుగున్నయో! నన్ను లెక్క అడిగేటట్టే చూస్తాంది!” అని పకపకా నవ్వాడు. పచ్చ గాజులు తొడిగాడు. ఆ తర్వాత ప్రతి సంతకూ ముందు దాన్నే అడిగేవాడు. ఎవరికైనా అంతేనని ఆయమ్మ అనేది. కొందరు పిల్లలు మనల్ని పిలుస్తారు, కొందరి దగ్గరికి మనమే పోవాలి. పోయినవాళ్లకు ఏదో ఒకటి దొరుకుతుంది. ఆయమ్మ నాకు ఇచ్చినదంతా ఇందులోనే ఉంది.

పిల్లలిద్దరూ ఇప్పుడు వైరాలో నాలుగో తరగతి. నేను ఫోన్ చేసేసరికి అమ్మానాన్నలతో మధ్యాహ్నానికల్లా వచ్చారు. పెద్దది నా నడుం పట్టుకుని ఏడ్చింది. చిన్నది ఏడవలేదు. ఆయమ్మ ఇంట్లో ఒక మూల ఆమె మనవరాలు, ఆటో కొడుకు బిడ్డ, బాలింత, పద్దెనిమిది రోజుల పసిగుడ్డును మోకాళ్ల మీద పెట్టుకుని ఏడుస్తోంది. చిన్నది వెళ్లి ఆమె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “అక్కా, జరసేపు నాకియ్యవా?” అంది. ఆ బాలింత ఇచ్చింది, ఇచ్చి ఆయమ్మ కాళ్ల దగ్గరికి వెళ్లి పడిపోయింది.

ఆ పసిగుడ్డులో ముద్దొచ్చేది ఇంకా ఏమీ లేదు. తల కొంచెం సాగి ఉంది, చర్మం పొరలు పొరలుగా లేస్తోంది, రెప్పలు వాచి ఉన్నాయి.

“అమ్మమ్మా, దీని చెవి చూసినవా? మడిచిన ఆకు లెక్క ఉంది” అంది చిన్నది, గుసగుసగా.

చూశాను. నిజమే.

అప్పుడు ఆ బిడ్డ ఆవులించింది. మొకమంతా ఒక్క నోరైపోయింది. పళ్లు లేని చిగుళ్లు, వణికే చిన్న నాలుక, చెవుల దగ్గరికి లేచిన రెండు పిడికిళ్లు. శవం చుట్టూ పాటలు కట్టి ఏడుస్తున్న ఆడవాళ్లలో ఒకామె అటు చూసి ఆగింది. ఆమెను చూసి పక్కనామె. తర్వాత ఇంకొకామె. గుమ్మంలో నిలబడ్డ ఆటో కొడుకు, కళ్లు వాచిపోయి ఉన్న మనిషి, తనకు తెలియకుండానే నోరు కొంచెం తెరిచాడు. ఇల్లంతా ఆ బిడ్డ నోరు మూసేదాకా ఎదురుచూసింది. మూసింది. ఏడుపు మళ్లీ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది.

చిన్నది మాత్రం తల ఎత్తలేదు. ఆ ముడతలన్నీ ఒక్కొక్కటిగా సర్దుకుని మళ్లీ మొకంగా మారడం చూస్తూ కూర్చుంది.